సెల్‌ఫోను చెడ్డదని రాయలేనన్న పిల్లవాడు

గుంటూరు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

మీ పత్రిక పాఠకుల లేఖల శీర్షికలో రెండు వారాల కిందట విజయవాడ పాఠకుడొకరు రాసిన ఉత్తరం చదివాను. నమ్మకాలు ఎవరివి వారికి ఉంటాయని, వాటిని పత్రికకెక్కించి నలుగురి మనసులు నొప్పించడం వల్ల ఒరిగేదేమీ లేదని, రాతల వల్ల మారిన మనిషిని తాను ఇంతవరకు చూడలేదని, కాబట్టి ఈ శీర్షికను రోడ్లు, మురుగుకాలువలు, వీధిదీపాల వంటి సమస్యలకే పరిమితం చేస్తే బాగుంటుందని ఆయన సూచించారు. ఆయన మర్యాదగా రాశారు. నేనూ అంతే మర్యాదగా విభేదించదలచుకున్నాను. అయితే ముందుగా ఒక చిన్న సంగతి మనవి చేయాలి. నమ్మకాలను కాగితం మీద పెట్టడం దండగ అన్న తన నమ్మకాన్ని ఆయన కాగితం మీదే పెట్టారు, అది చదివిన నాకు నాలుగు రోజులు సరిగా నిద్రపట్టలేదు. రోడ్డు మీద గుంత గురించి రాసి ఉంటే హాయిగా పడుకునేవాడిని.

నేను 33 ఏళ్లు ఉమ్మడి గుంటూరు జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి, పదవీ విరమణ చేసి, ఇప్పుడు బ్రాడీపేటలో ఉంటున్నాను. సంపాదకులకు రాసే ఉత్తరాల విషయంలో నా అనుభవం మీ అనుభవానికి తీసిపోదని చెబితే మీరు నవ్వుకుంటారేమో. కానీ పదో తరగతి తెలుగు పరీక్షలో పత్రికా సంపాదకునికి లేఖ రాయమని అడగడం మామూలు. ఆ లెక్కన తరగతి గదిలోను, స్పాట్ వాల్యుయేషన్‌లోను కలిపి నేను చదివిన ఉత్తరాలు ఏ దినపత్రిక కార్యాలయానికైనా కొన్ని నెలలపాటు వచ్చే టపాకు సరిపోతాయి. తేడా ఒక్కటే. మీకు వచ్చేవి ఒకదానితో ఒకటి పోలవు, నాకు వచ్చినవన్నీ ఒకే ఉత్తరం.

ఆ ఉత్తరాన్ని నేను కళ్లు మూసుకుని అప్పజెప్పగలను. పైన కుడివైపున ఊరు, తేదీ. కింద గౌరవ సంబోధన. ఆ తరువాత ‘ప్రస్తుత సమాజంలో’ అని మొదలయ్యే వాక్యం. మధ్యలో గైడులో అచ్చయిన నాలుగు కారణాలు, అదే వరుసలో, ఒక్కొక్కసారి అదే అచ్చుతప్పుతో సహా. చివర ‘కావున ప్రజలలో చైతన్యం కలిగించవలసిందిగా ప్రార్థిస్తున్నాను’ అన్న విన్నపం, గీతల పెట్టెలో చిరునామా. ఇవన్నీ ఉంటే మార్కులు పడతాయి. ప్లాస్టిక్ అయినా, వరకట్నమైనా, చెట్ల నరికివేతైనా, మూఢనమ్మకాలైనా ఖాళీలో పూరించే మాట మారుతుందే తప్ప చట్రం మారదు. పదిహేనేళ్ల పిల్ల వరకట్నాన్ని ఖండిస్తూ ఉత్తరం రాస్తుంది, ఆ వారమే వాళ్లింట్లో అక్క పెళ్లి మాటల్లో ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క తేలుతూ ఉంటుంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆ పిల్లకు తోచకుండా పాఠం చెప్పినవాళ్లం మేమే.

స్పాట్‌లో మాకు రోజుకు 40 పేపర్లు ఇచ్చేవారు. పేరుండదు, ఊరుండదు, కోడ్ నంబరు మాత్రం ఉంటుంది. వేసవి ఎండ, తిరిగీ తిరగని ఫ్యాను, ఎదురుగా ఏ అంశానికి ఎన్ని మార్కులో విడగొట్టి ఇచ్చిన పట్టిక. కరోనా తరువాతి రోజుల్లో ఒకసారి, సెల్‌ఫోను దుష్ఫలితాలను వివరిస్తూ సంపాదకునికి రాసిన ఉత్తరాలు నా బల్ల మీదకు వచ్చాయి. పేపరు తరువాత పేపరులో సెల్‌ఫోను కళ్లను పాడుచేసింది, కాలాన్ని హరించింది, బంధాలను తెంచింది. ఆ వరుసలో ఒకచోట నా ఎర్రకలం ఆగింది. దస్తూరిని బట్టి పిల్లవాడనుకున్నాను, పిల్ల కూడా కావచ్చు. నాకు గుర్తున్నంతవరకు రాసింది ఇది (టిక్కీలంటే మిర్చి బస్తాలు):

‘అయ్యా, సెల్‌ఫోను చెడ్డదని రాయమన్నారు. మా నాన్న మిర్చియార్డులో టిక్కీలు మోస్తాడు. ఏ రోజు రేటు ఎంత ఉందో ఊళ్లో ఉన్న మా పెదనాన్నకు ఫోనులోనే చెబుతాడు. కరోనా అప్పుడు నేను పాఠాలు దానిలోనే విన్నాను. మా ఇంటికంతా అదొక్కటే ఫోను. రాత్రి నాన్న వచ్చేదాకా ఆగి చదువుకున్నాను. దానివల్ల చెడిపోయినవాళ్లు ఉంటారు. నేను చూడలేదు. చూడనిది రాయలేను.’

అంతే. కావున లేదు, ప్రార్థన లేదు, చిరునామా పెట్టె లేదు. నేను 8కి 3 మార్కులు వేశాను. ప్రశ్న దుష్ఫలితాలను అడిగింది, జవాబులో అవి లేవు. లేఖా రూపం లేదు, ముగింపు లేదు. పట్టిక ప్రకారం చూస్తే ఆ మూడూ దయతో వేసినవే. ఛీఫ్ ఎగ్జామినర్‌కు చూపించి అడిగి ఉండవచ్చు. అడగలేదు, ఎందుకంటే మధ్యాహ్న భోజనంలోపు పూర్తి చేయవలసినవి ఇంకా చాలా ఉన్నాయి. ఆ రోజు నా చేతికి వచ్చిన 40 మందిలో సంపాదకునికి నిజంగా ఉత్తరం రాసినవాడు అతనొక్కడేనని, మిగిలిన 39 మంది నాకు, అంటే పరీక్షకుడికి రాశారని సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది. అప్పటికే పేపర్లు కట్టలు కట్టి సీలు వేసేశారు.

విజయవాడ పాఠకుడు రాతల వల్ల మారిన మనిషిని చూడలేదన్నారు. ఆయన వెతికినచోటు సరైనది కాదని నా అభిప్రాయం. చదివినవారిలో ఆయన వెతికారు, రాసినవారిలో వెతికి ఉంటే కనబడేవారు. ఆ పిల్లవాడు రాయడానికి కూర్చున్నప్పుడు సెల్‌ఫోను చెడ్డదనే అనుకుని ఉంటాడు, బడిలో అందరూ అదే చెప్పారు కదా. కాగితం మీద పెట్టబోయేసరికి తన ఇంట్లో ఉన్న ఫోను, వినివిని వచ్చిన వాక్యం పొసగలేదు. అక్కడ ఆగి, వాక్యాన్ని వదిలి, ఇంటిని పట్టుకున్నాడు. పరీక్షహాలులో గంట మోగబోతుండగా ఆ పని చేయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు, ఎందుకంటే నా అంతట నేను ఆ పని చేయవలసి వచ్చినప్పుడు నాకు పదకొండు రోజులు పట్టింది.

ఆ సంగతి కూడా చెబుతాను. 2019 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, తెలుగు పంతులుగా నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రే ఒక పత్రికకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మొదటి పుట ధారాళంగా సాగింది. మాతృభాష తల్లిపాల వంటిదన్నాను, పోతపాలతో పెరిగిన జాతికి బలం ఉండదన్నాను. ‘తమ పిల్లలను పరాయి భాషకు అప్పగించే తల్లిదండ్రులు ఒక్కసారి గుండెల మీద చేయి వేసుకోవాలి’ అన్న వాక్యం దగ్గరకు వచ్చేసరికి కలం కదలలేదు. నా పిల్లలిద్దరూ ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలోనే చదివారు. ఆ ఫీజు రసీదులన్నీ ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. ఇదే మాటను స్టాఫ్‌రూములో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అన్నప్పుడల్లా నలుగురూ తలలూపారు, వాళ్ల పిల్లలూ అలాంటి బడుల్లోనే చదువుతున్నారు కనుక ఎవరూ ఎవరినీ అడగలేదు. నోటితో అన్నన్నాళ్లూ అడ్డురాని వాక్యం చేత్తో రాసేసరికి గుమ్మంలో అప్పులవాడిలా నిలబడింది.

ఆ ఉత్తరం పంపలేదు. పదకొండు రోజుల తరువాత మరొకటి రాశాను. మా ఇంటి సంగతి మొదటి వాక్యంలోనే ఒప్పుకుని, ఏ మీడియంలో చదివినా తెలుగు ఒక పాఠ్యవిషయంగా గట్టిగా ఉండాలని, చిన్న తరగతుల పిల్లలకు లెక్కను వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలని, ఎంచుకునే వీలు తల్లిదండ్రులకు ఉండాలని మాత్రం అడిగాను. మొదటిదానితో పోలిస్తే అది చప్పగా ఉంది, అచ్చు కూడా కాలేదు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినప్పుడు సంబరపడిన మిత్రులతో నేను కలవలేకపోయాను, బాధపడిన తల్లిదండ్రులను తప్పుపట్టలేకపోయాను. రాయడానికి కూర్చోకుండా ఉంటే నిక్షేపంగా ఏదో ఒక పక్షాన ఉండేవాడిని.

మన ప్రాంతంలో మాటకు ఏనాడూ కొదవలేదు. అరండల్‌పేటలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా దేవుడి దగ్గర నుంచి దేశం దాకా అన్నింటి మీదా తీర్పులు వినబడతాయి. కానీ అదే మనం తోడబుట్టినవాడికి లక్ష రూపాయలు అప్పివ్వవలసి వస్తే ప్రామిసరీ నోటు రాయించుకుంటాం, రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించుకుంటాం. మాట నీటిమూట అని డబ్బు విషయంలో మనకు బాగా తెలుసు. ఆడపిల్ల చదువు గురించో, కులం గురించో, దేవుడి గురించో మనం గట్టిగా నమ్ముతున్నామని చెప్పుకునే మాటలకు మాత్రం నోటు అక్కరలేదనుకుంటాం. కాగితం మీద పెట్టిన అభిప్రాయం కింద సంతకం ఉంటుంది. రేపు ఎవరైనా దాన్ని తెచ్చి ముందు పెట్టి ఇది మీదేనా అని అడగవచ్చు. అడిగితే ఒప్పుకోవాలి, లేదా ఎందుకు మారానో చెప్పాలి. మన పెద్దమనుషులు చాలామంది మాట్లాడినంత తేలికగా రాయకపోవడానికి తీరిక లేకపోవడం కంటే ఇదే కారణమని నా అనుమానం.

ఉత్తరంతో నమ్మకాన్ని నిలదీయడానికి పెద్ద ఉదాహరణ విజయవాడ పాఠకుడికి కూతవేటు దూరంలో, పటమటలోనే ఉంది. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు గారు (1902–1975) 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో విజయవాడకు మార్చారు. నేను శనివారం గుడికి వెళ్లేవాడిని, ఆయన వాదం నాకు పట్టదు. ఆయన ఉత్తరాలు మాత్రం నాకు పాఠాలు. 1930లో ఆయన గాంధీజీకి రాస్తూ, మీరు దేవుడనే మాట వాడుతున్నారు, ఆ మాటకు అర్థమేమిటి, ఆ అర్థం నిత్యజీవితంలోని ఆచరణకు ఎంతవరకు పొసగుతుంది అని అడిగారు. దేవుడు మనిషి గ్రహణశక్తికి అతీతుడని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. 1941లో గోరా గారు మళ్లీ రాశారు. ఈసారి జవాబు ఇంకా బిగువుగా ఉంది: నాస్తికత అంటే తనను తాను కాదనుకోవడమేనని, పిలిపించుకుని మాట్లాడేంత తీరిక తనకు లేదని. అయినా ఆ ప్రశ్న అక్కడితో ఆగలేదు. 1944లో ఇద్దరూ సేవాగ్రామ్‌లో కలుసుకున్నారు, ఆ తరువాత చాలాసార్లు వాదించుకున్నారు. ఆ స్నేహం ఎంతదాకా వెళ్లిందంటే, గోరా గారి పెద్దమ్మాయికి దళిత యువకుడితో జరగవలసిన పెళ్లిని తన ఆశ్రమంలో తానే జరిపిస్తానని, అందులో దేవుడి పేరుకు బదులు సత్యమనే మాట వాడతానని గాంధీజీ ఒప్పుకున్నారు. ఆయన హత్య జరిగాక, 1948 మార్చిలో, ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది.

గోరా గారు ఆస్తికులు కాలేదు, గాంధీజీ నాస్తికులు కాలేదు. ఎవరు ఎవరిని మార్చారన్న లెక్క వేస్తే ఆ ఉత్తరాలన్నీ దండగ. కానీ ఆనాటి ఆ యువకుడు ఎదురుగా నిలబడి ఆ ప్రశ్న అడిగి ఉంటే, దర్శనానికి వచ్చిన జనంలో అది ఆ పూటే గాలిలో కలిసేది. కాగితం మీద అడిగాడు కాబట్టి 14 ఏళ్లు చెడకుండా ఆగింది. దేవుడనే మాటకు నా అర్థమేమిటో కాగితం మీద రాద్దామని నేనూ ఒకసారి ప్రయత్నించాను. అరపుట రాసి, చదువుకుని, అది నా మాట కాదు, ప్రవచనాల్లో విన్న మాటని తెలిసి చింపేశాను. గుడికి వెళ్లడం మానలేదు.

ఇక మారడం సంగతి. కందుకూరి వీరేశలింగం పంతులు గారు (1848–1919) 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టేనాటికి గ్రాంథికంలో ఆరితేరినవారు. పెదవులు కలిపి పలికే అక్షరం ఒక్కటీ రాకుండా అచ్చతెలుగులో కావ్యం చెప్పిన మనిషి. చిన్నయసూరి గారు నీతిచంద్రికలో వదిలిపెట్టిన సంధి, విగ్రహ భాగాలను అదే ప్రౌఢశైలిలో పూరించినవారు. అంతటివారు పత్రిక నడుపుతూ, లంచగొండితనం గురించి, బాల్యవివాహాల గురించి, వితంతువుల గురించి రాస్తూ, అది అందరికీ అర్థమై తీరాలి కనుక భాషను రానురాను సులువు చేసుకున్నారు. 1919లో, తాను కన్నుమూసిన ఏడాదే, రాజమహేంద్రవరంలో వ్యావహారిక భాష కోసం ఏర్పడిన సమాజానికి ఆయన అధ్యక్షులయ్యారు, గిడుగు రామమూర్తి పంతులు గారు కార్యదర్శి. ఎవరో వచ్చి ఒక్కరోజులో ఆయన మనసు మార్చలేదు. ఆయనను ఆ కుర్చీ దాకా నడిపించింది 45 ఏళ్ల రాతపనే అని నా నమ్మకం.

మనసులు నొప్పించడం గురించి విజయవాడ పాఠకుడు అన్నదాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. కేవలం నొప్పించడానికే రాసేవారు ఉన్నారు, వారి సంఖ్య పెరుగుతోంది కూడా. కానీ నొప్పి వేరు, నిలదీత వేరు అని నాకు నేర్పింది మన ఉమ్మడి జిల్లా కవే. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారు 1941లో వెలువరించిన గబ్బిలం కావ్యంలో, అంటరానివాడని సమాజం వెలివేసిన ఒక పేదవాడు తన గోడును కాశీలోని శివుడికి విన్నవించుకోవాలనుకుంటాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు. తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. గబ్బిలం గర్భగుడి కప్పుకు వేలాడినా ఎవరూ మైలపడిందనరు. మనిషికి లేని దారి గబ్బిలానికి ఎందుకుందని కవి మనల్ని అడగవలసిన పనే లేదు, చదివినవాడు తనంతట తానే అడుగుతాడు. సత్తెనపల్లి వైపు ఒక ఊళ్లో ఆ పద్యాలు చెబుతున్నప్పుడు వెనుక బెంచీ పిల్లవాడొకడు లేచి, ‘మాస్టారూ, మన రామాలయంలోకి కూడా గబ్బిలాలు వస్తాయి కదండీ’ అన్నాడు. వాడు నవ్వించడానికే అన్నాడు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. నేను కూడా కాసేపు బోర్డువైపు తిరిగి నిలబడ్డాను. ఆ ఊళ్లో ఏ వాడ పిల్లలు గుడి మెట్ల దగ్గరే ఆగిపోతారో మాకందరికీ తెలుసు. ఎవరినీ ఒక్క మాట తిట్టకుండా ఆ మౌనాన్ని తెచ్చిన రాతను నొప్పించే రాత అందామా?

తెనాలిలో సూతాశ్రమం కట్టుకున్న త్రిపురనేని రామస్వామి చౌదరి గారి (1887–1943) దారి వేరు. పురాణాలను ఓడినవారి పక్షాన నిలబడి, పండితులు మెచ్చే పద్యంలోనే తిరగరాశారు. ఆ వాదాల్లో సగం నాకు మింగుడుపడవు, ఆ ఎత్తిపొడుపు తీరు అసలే రుచించదు. కానీ ఆయనకు జవాబు చెప్పాలనుకున్నవాడు మూలగ్రంథాలను మళ్లీ తెరవక తప్పదు. నేనూ తెరిచాను. చిన్నప్పటి నుంచి మా నాయనమ్మ చెప్పగా విని, మూలంలో ఉన్నాయనుకున్న సంగతులు కొన్ని అక్కడ లేవు.

రాతల వల్ల ఏమీ మారదని నమ్మిన ప్రభుత్వం ఒక్కటీ నాకు చరిత్రలో కనబడలేదు. 1908లో బెజవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని ఒక వ్యాసానికి రాజద్రోహం కింద జైలుకు పంపారు. మా గుంటూరులో ఆడపిల్లల చదువుకు శారదానికేతనం స్థాపించిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు దళిత కుటుంబాన్ని నడిమధ్యన నిలిపి జైలులో రాసిన మాలపల్లి నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఈనాడు రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం రాసుకునే హక్కు ఇచ్చింది, దానికి హద్దులనూ పక్కనే పెట్టింది. హక్కు గురించి అందరూ మాట్లాడతారు కానీ, 1976లో చేర్చిన 51ఎ అధికరణంలో శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతను, ప్రశ్నించి సంస్కరించుకునే తత్వాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని రాసి ఉన్న సంగతి పరీక్షలో ఖాళీలు పూరించడానికి తప్ప మనకు గుర్తురాదు.

ఇప్పుడు అందరూ రాస్తున్నారు కదా అని కొందరు అనవచ్చు. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే సందేశాలు చూస్తే నిజంగానే అలా అనిపిస్తుంది. ఒక మతం గురించి అత్యంత దారుణమైన మాట ఒకటి అందులో వచ్చినప్పుడు, పంపిన పెద్దమనిషిని లిఫ్టు దగ్గర కలిసి ఇది మీ అభిప్రాయమేనా అని అడిగాను. ‘అబ్బే, నాది కాదండీ, ఎవరో పంపితే ఫార్వర్డ్ చేశాను’ అన్నారు, అదేదో తప్పు తనది కాదన్నట్టు. మంచివారే, నాకు రెండుసార్లు రక్తపరీక్షకు తోడువచ్చినవారు. ఆయన్ని చూస్తుంటే నాకు మా 39 మంది పిల్లలు గుర్తుకు వచ్చారు. పదిహేనేళ్లప్పుడు గైడులోని వాక్యాన్ని తన పేరుతో దించడం అలవాటైనవాడికి, నలభై ఏళ్లు వచ్చాక ఎవరి వాక్యాన్నో పేరు లేకుండా పదిమందికి పంపడం తప్పనిపించదు. రెండుచోట్లా మధ్యలో ఆగి, ఇది నేను చూశానా, నమ్ముతున్నానా అని అడుక్కునే క్షణం ఒకటి ఉండాలి. ఆ క్షణాన్ని మేము తరగతిలో ఎగరగొట్టేశాం.

అందుకే విజయవాడ పాఠకుడి సూచనకు బదులుగా మరొకటి చేయదలిచాను, అది మీకు కొంత, మా ఉపాధ్యాయ లోకానికి కొంత. లేఖ ప్రశ్నను ‘దుష్ఫలితాలను వివరించండి’ అని అడగడం మానాలి. జవాబు ప్రశ్నలోనే ఉన్నప్పుడు పిల్లవాడు ఆలోచించవలసిన పని ఏముంది? మన వ్యాసరచన పోటీల అంశాలు కూడా చాలావరకు ఈ బాపతే. నీ అభిప్రాయం ఏమిటి, దానికి నీ కళ్లతో చూసిన కారణం ఏమిటి, నీతో ఏకీభవించనివారు ఏమంటారు అని అడగాలి, ఏ పక్షం తీసుకున్నా చెప్పిన కారణానికే మార్కులు వేయాలి. పబ్లిక్ పరీక్షలో వేలమంది ఉపాధ్యాయులు ఒకే తీరున దిద్దడం కష్టమన్న అభ్యంతరం నాకు తెలుసు, ఆ కష్టం నేను పడ్డదే. అందుకే మొదట బడిలోనే పెట్టే పరీక్షల్లోని రాతపనుల్లో ప్రయత్నించవచ్చు. అక్కడ దిద్దేది పిల్లవాడి సంగతి తెలిసిన తన పంతులే. ఒక ఊళ్లో రెండేళ్లు నేను అలా చేయించాను. మొదటి నెల అంతా ‘మీరు ఏది రాయమంటారు సార్’ అనే అడిగారు. మూడో నెలకు ఒక అమ్మాయి, బడి మైదానంలో మగపిల్లలే ఎందుకు ఆడతారని, ఆటల పీరియడ్‌లో తమచేత గదులు ఎందుకు ఊడిపిస్తారని రాసింది. స్టాఫ్‌రూములో పెద్ద రభస అయింది. చీపుర్లు పట్టే వంతుల పట్టిక మాత్రం మారింది.

మీకు చేసే మనవి ఇంకా చిన్నది. ఈ శీర్షికను గుంతలకు, దీపాలకు పరిమితం చేయకండి. ఎవరైనా ఒక నమ్మకాన్ని సమర్థిస్తూనో కాదంటూనో రాసినప్పుడు, మరుసటి వారం దానికి వచ్చిన వాటిలో అన్నింటికంటే బలమైన ఎదురు ఉత్తరాన్ని అదే చోట అచ్చువేయండి. ఆవేశపడినదాన్ని కాదు, బలమైనదాన్ని. విజయవాడ పాఠకుడు నా ఈ ఉత్తరానికి జవాబు రాస్తే దాన్ని తప్పక వేయండి, ఆయన రాతలో తొందరపాటు లేదు, నేను తప్పు పట్టుకోలేని మాట ఏదైనా ఆయన చెప్పవచ్చు. నెలకు ఒకసారి బడిపిల్లల ఉత్తరాలు కూడా వేయగలిగితే సంతోషం, ‘కావున’తో ముగిసేవాటిని పక్కన పెట్టి.

నిడివి ఎక్కువైందని తెలుసు. కుదించవలసి వస్తే త్రిపురనేని వారి మీద నా అభిప్రాయం తీసేయండి, లిఫ్టు దగ్గరి సంభాషణ తీసేయండి. మా ఇంటి ఇంగ్లీషు మీడియం సంగతి తీసేసినా అభ్యంతరం లేదు, నిజానికి కొంత ఊరట కూడా. యార్డులో టిక్కీలు మోసే మనిషి కొడుకు రాసిన ఆ తొమ్మిది వాక్యాలను మాత్రం ముట్టుకోకండి. అవి మొదటి నుంచీ మీ చిరునామాకు రాసినవి. మధ్యలో నా దగ్గర ఆగిపోయాయి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు